మాఫ్ చేశానని చెప్పమన్నారు

పక్కింటి ఆపా భర్త పోయిన రోజు నేను ఆమె పక్కనే కూర్చున్నాను. జనాజా లేచే వేళకు ఒక పెద్దావిడ వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, "మెహర్ మాఫ్ చేశానని చెప్పు తల్లీ, ఆయన భారం తీరుతుంది" అంది. ఆపా కళ్లెత్తలేదు. తల మాత్రం ఊపింది. ఇరవై ఏడేళ్ల బాకీ అలా చెల్లిపోయింది.

మెహర్ నిఖా నాడు భర్త ఒప్పుకునే సొమ్ము. పుట్టింటివాళ్లది కాదు, అచ్చంగా భార్యది. దాన్ని సంతోషంగా ఇవ్వమని, భార్య తనంతట తాను మనసారా వదిలినదే భర్త తీసుకోవచ్చని ఖురాన్‌లో నిసా సూరా నాలుగో ఆయత్ చెబుతుంది. శవం ముందు కూర్చున్న మనిషి మనసారా ఏం వదులుకుంటుంది? భర్త పోయినా ఆ బాకీ పోదు. వారసులు ఆస్తి పంచుకోకముందే మిగతా అప్పులతో పాటు దాన్నీ తీర్చాలి. ఆ గదిలో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఎత్తడానికి నాకు నోరెక్కడిది? మేం క్రైస్తవులం. 2004లో మా నాన్న పోయాక ఆదరణ కూడిక అయిన వారానికి, నా వాటా వదులుకున్నట్టు రాసిన విడుదల దస్తావేజు అన్నయ్య తెచ్చాడు. "పెళ్లికి పెట్టాం కదమ్మా" అన్నాడు. ఎకరంన్నర పొలం. వేలిముద్ర వేశాక బొటనవేలి సిరా రెండు రోజులు వదలలేదు. అన్నం కలుపుతున్నప్పుడల్లా కనబడేది.

కేరళలో మేరీ రాయ్ అనే క్రైస్తవ మహిళ తండ్రి ఆస్తిలో వాటా కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది. అక్కడి 1916 నాటి తిరువాన్కూరు చట్టం క్రైస్తవ కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు గానీ, ఐదు వేల రూపాయలు గానీ, ఏది తక్కువైతే అదే ఇచ్చేది. 1986లో సుప్రీంకోర్టు ఆమె వైపు తీర్పు చెప్పింది. ఇక్కడ మాకు ఆ పోరాటం కూడా అక్కర్లేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం కొడుకునూ కూతురినీ సమానంగానే చూసింది. మా చేత సంతకాలు పెట్టించుకుని దాన్ని ఇంట్లోనే రద్దు చేశారు.

బైబిల్‌లో సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట, సమాజమంతటి ఎదుట నిలబడి తండ్రి స్వాస్థ్యం, అంటే వారసత్వపు భూమి, అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమని దేవుడే అన్నాడు. తర్వాత తమ గోత్రంలోనే పెళ్లాడాలని షరతు వచ్చింది, అదీ నిజమే. అయినా భూమి దక్కింది. నలభై ఏళ్లుగా చర్చికి వెళ్తున్నాను, ఆ అధ్యాయం మీద ఒక్క ప్రసంగం వినలేదు.

పోయిన నెల ఆపా కూతురి నిఖా. మెహర్ అప్పటికప్పుడే చెల్లించాలని ఆపా ముందే గట్టిగా చెప్పింది. ఖాజీగారు అలాగే రాశారు. పెళ్లికూతురు సంతకం పెట్టే ముందు కవరు విప్పి నోట్లు లెక్కపెట్టుకుంది. ఎవరో నవ్వారు. ఆపా నవ్వలేదు, లెక్క పూర్తయ్యేదాకా కూతురి చేతులే చూస్తూ నిలబడింది.