గోపాల్‌పూర్ తీరంలో దారి మూసేస్తే

తీరం పక్క స్థలం ప్రైవేటుదే కావచ్చు. దాని ముందు పోటూ పాటూ తాకే ఇసుక ఆ పట్టాలోకి రాదు. ఒడిశాలో బరంపురం, గోపాల్‌పూర్, సోనాపూర్ వైపు ఉండే మనవాళ్లకి ఇది గట్టిగా తెలియాలి.

గేటు దగ్గర వాదనకి దిగకండి. ముందు ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఆ ప్లాటు నంబరు కొట్టి ఖతియాన్ (హక్కుల పత్రం) తీయండి. పాత కాలిబాట 'సర్వసాధారణ' ఖాతాలో ఉంటే అది ఊరందరిదీ. తర్వాత తీర నిర్వహణ పటంలో పోటు గీత ఎక్కడుందో చూడండి. చాలామంది ఇక్కడే పొరబడతారు: ఆ రోజు తడిసిన ఇసుక నుంచి టేపు పెడతారు. అసలు గీత అమావాస్య, పున్నమి పోట్లకి నీరు ఎక్కే అంచు. అది ఇంకా పైకి ఉంటుంది.

రెండు రిసార్టుల మధ్య కనీసం 20 మీటర్ల దారి వదలాలని 1991 సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నోటిఫికేషన్‌లోనే ఉంది, 2011లోనూ కొనసాగింది. ముళ్లకంచె వేసుకున్నా జనం రాకపోకలకి అడ్డు రాకూడదు. ఈ దారి షికారుకొచ్చిన వాళ్లకే కాదు, వలలు మోసుకెళ్లే నోలియా జాలర్లకీ కావాలి. నాకు వాళ్ల అవసరమే ముందు.

అడ్డుకుంటే కంచె ఫోటో, తేదీ, ప్లాటు నంబరు, పటం నకలు జతచేసి కలెక్టరుకి రాయండి. జిల్లా తీర కమిటీకి ఆయనే అధ్యక్షుడు, అందులో తీరవాసుల ప్రతినిధులు కనీసం ముగ్గురు ఉండాలి. అర్జీ అందినట్టు రసీదు తీసుకోండి. దారి దొరికాక ఇసుక దిబ్బల మీది తీగల్ని తొక్కకండి, ఆ దిబ్బని పట్టి ఉంచేవి అవే.