సగం కోసేసిన గిటారు

పదకొండు దాటింది, అందరూ పడుకున్నారు, నాకు మాత్రం బావగారి మాట ఇంకా చెవిలో గీరుతూనే ఉంది. "ఇదేం గిటారమ్మా, ఎవరో సగం కోసి పారేసినట్టుంది!" చిన్నోడి ముందే అనేశారు. వాడు ముఖం మాడ్చుకుని లోపలికి పోయాడు. ఈయన పేపర్లోంచి తల ఎత్తితే ఒట్టు. బావగారు రెండో కప్పు కాఫీ అడిగారు, ఇచ్చాను, పంచదార తక్కువైందన్నారు.

అలాగని ఆ గిటారంటే నాకేం ప్రేమ లేదు. ఫ్లయింగ్ వీ అని, ఇంగ్లీషు V అక్షరంలా ఉండే ఎలక్ట్రిక్ గిటారుకి కాపీ, సెకండ్ హ్యాండ్‌ది. మామూలు గిటారు కవర్లో పట్టదు, గోడకి ఆనిస్తే నిలబడదు, దాని కొన నా మోకాలికి తగలని రోజు లేదు. కూర్చుని వాయించాలంటే ఆ చీలికలో తొడ ఇరికించుకోవాలి, లేదంటే జర్రున జారుతుంది. జారుతుందని 1958లో దాన్ని తెచ్చిన గిబ్సన్ కంపెనీ వాళ్లకీ తెలుసు, అందుకే కింది అంచుకి గీతల రబ్బరు పట్టీ అంటించి మరీ అమ్మారు. పోటీ కంపెనీ ఫెండర్ ముందు పాతకాలం వాళ్లలా కనబడుతున్నామన్న ఉక్రోషం కాకపోతే ఎందుకొచ్చిన ఆకారం! జనం కూడా కొనలేదు, వంద తయారవకుండానే 1959లో ఆపేశారు. బావగారన్నది నిజమేనేమో అని సాయంత్రం దాకా అనుకున్నా.

అంట్లు తోముతుంటే అమెరికా గిటారిస్టు లెస్ పాల్ దుంగ గుర్తొచ్చింది. బోలు గిటారుకి కరెంటిస్తే స్పీకర్ మోతకి దాని పెట్టె అదిరి, ఆ అదురు మళ్లీ తీగల అదురుని కరెంటుగా మార్చే పికప్‌లో పడి, ఊళ పెడుతుంది. అందుకని ఆయన 1940 ప్రాంతంలో నాలుగంగుళాల పైన్ దుంగకి తీగలు బిగించి వాయించాడు. ఎవరూ పట్టించుకోలేదట. ఎపిఫోన్ కంపెనీ బోలు గిటారొకటి నిలువునా కోసి, ఆ చెక్కల్ని దుంగకి అటూ ఇటూ తగిలించి వాయిస్తే అప్పుడు బాగుందన్నారని ఆయనే చెప్పేవాడు. ఆ చెక్కలు కేవలం చూసేవాళ్ల కోసం! మరి బావగారు అసలు గిటారనుకుంటున్న ఆ నడుము ఒంపు మాత్రం ఏమిటి? అంతకు ముందు 1932లో రికెన్‌బ్యాకర్ వాళ్లు అమ్మిన ఎలక్ట్రిక్ గిటారైతే పోత అల్యూమినియంది, అచ్చం కాడ ఉన్న పెనమే.

మా తాతయ్య దగ్గర మాండలిన్ శ్రీనివాస్ క్యాసెట్ ఉండేది. పాలకొల్లు కుర్రాడని తాతయ్యకి మహా గర్వం. ఎదురింటి మాస్టారు వచ్చి కూర్చుని, "కర్ణాటక సంగీతం కరెంటు మీద నడుస్తుందిటండీ" అని దీర్ఘాలు తీసేవారు. జంట తీగల మాండలిన్‌లో నాదం నిలవదు, గమకం పలకదు, అందుకే ఆ అబ్బాయి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్‌ది పట్టాడని తాతయ్య ఓపిగ్గా చెప్పేవాడు. మాస్టారు ఒప్పుకునేవారు కాదు. ఓసారి రాగం మధ్యలో కరెంటు పోతే "చూశారా, చూశారా" అని చంకలు గుద్దుకున్నారు. అయినా ఇంటికి పోలేదు. కరెంటొచ్చేదాకా వసారాలో విసనకర్రతో విసురుకుంటూ కూర్చుని, రాగానే "వెనక్కి తిప్పండి కాస్త" అన్నారు.

పడుకోబోతూ చిన్నోడు చెప్పాడు, వాడిది ఎడమచేతి వాటం కాబట్టే ఇది ఏరుకున్నాడట. ఎడమచేతివి దొరకవు, దొరికినా రేటెక్కువ. ఇదైతే రెండు వైపులా ఒకటే, తిరగేసినా పై మెట్ల (ఫ్రెట్ల) మీదికి వేళ్లు ఆరామ్‌గా పోతాయి. బ్లూస్ గిటారిస్టు ఆల్బర్ట్ కింగ్ కూడా ఎడమచేతివాడే, తీగలు మార్చకుండా ఈ ఫ్లయింగ్ వీనే తిరగేసి వాయించాడు. ఈ ముక్క ముందే చెప్పుంటే బావగారికి రెండో కప్పు ఇచ్చేదాన్నే కాదు.

రేపు పాత సైకిల్ ట్యూబు కోసి, పంక్చర్ సొల్యూషన్‌తో దాని అంచుకి అంటిస్తా. వీడు తిరగేసి పట్టుకుంటాడు కదా, పట్టీ రెండో అంచుకి వెయ్యాలి.