కుదుస్‌లో మా అమ్మ

మా అమ్మ కడప పెద్ద దర్గా ఉరుసుకి ఏటా వెళ్తుంది. నేను ఉద్యోగానికి జకార్తా వచ్చిన దగ్గర్నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "అక్కడ దర్గాలు లేవా నాయనా" అని ఒకటే అడగడం. లేకేం, జావా ఉత్తర తీరం పొడుగునా అవే కదా. ఇక్కడ ఇస్లాంని నిలబెట్టిన తొమ్మిది మంది వలీలను, అంటే పుణ్యపురుషులను, వలీ సోంగో అంటారు, వాళ్ల సమాధులు చూసి రావడాన్ని జియారా అంటారు. మన జియారతే! అమ్మ ఇక్కడికి వచ్చాక ఆ మాట విని సగం స్థిమితపడింది.

రైల్లో సెమరాంగ్ దిగి, కారులో ముందు దెమాక్ వెళ్లాం. ఒకప్పుడు అది రేవు, సుల్తానుల రాజధాని. ఊరి పక్కనున్న జలసంధి పూడిపోయి సముద్రం దూరం జరిగిపోయింది. పెద్ద మసీదుకి గుమ్మటం లేదు, మూడంచెల కప్పు. లోపలి నాలుగు పెద్ద స్తంభాల్లో ఒకదాన్ని ఆ తొమ్మిది మందిలో ఒకరైన సునన్ కలిజాగా చెక్కపేళ్లు కూర్చి నిలబెట్టారని చెబుతారు, అమ్మ దాని దగ్గర్నుంచి ఒక పట్టాన కదల్లేదు.

కానీ నా మనసు నిలిచిపోయింది కుదుస్‌లో. ఇరుకు సందులోంచి బయటికి రాగానే ఎదురుగా ఎర్ర ఇటుకల మినార్, అచ్చం పాత జావా గుడిలాగే ఉంటుంది, తెలియనివాళ్లు గుడే అనుకుంటారు. మసీదు పేరు అల్ అక్సా, కట్టింది హిజ్రీ 956లో, అంటే 1549. ఊరి పేరు కూడా అల్ ఖుద్స్ నుంచే, అంటే జెరూసలేం అరబ్బీ పేరు నుంచే వచ్చింది. అప్పట్లో ఇక్కడ చాలామంది హిందువులు, వాళ్ల మనసు నొప్పించకూడదని ఆ తొమ్మిది మందిలోనే ఒకరైన సునన్ కుదుస్ ఆవును కోయవద్దన్నారట, ఆ మాట మీద ఈ ఊళ్లో ఇప్పటికీ గేదె మాంసమే వండుతారు. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా! మధ్యాహ్నం మేం తిన్న సోతో అనే సూపు కూడా గేదె మాంసంతో చేసిందే.

మసీదు వెనక సునన్ కుదుస్ సమాధి దగ్గర బస్సుల్లో వచ్చిన ఊళ్లవాళ్లు గుంపులుగా కూర్చుని ఖురాన్‌లోని యాసీన్ అధ్యాయం చదువుతున్నారు. అమ్మకి వాళ్ల భాష ఒక్క ముక్క రాదు, అయినా ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా దగ్గరికి వచ్చేసరికి గొంతు కలిపేసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

సమాధి చుట్టూ తెల్లటి తెరలు, వాటిని లువూర్ అంటారు. ఏటా ముహర్రం పదో రోజున, అంటే మన పీర్ల పండుగ రోజునే, పాతవి తీసి కొత్తవి కడతారు. ఆ రోజు టేకాకుల్లో మాంసం అన్నం పొట్లాలు కట్టి అందరికీ పంచుతారు, పాత గుడ్డను ముక్కలు చేసి ఇస్తారు. ఇదంతా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ చెబుతుంటే నాకొచ్చిన కాస్త భాషతో అమ్మకి తెలుగులో చెప్పాను. ఆవిడ పర్సులోంచి అరచేయంత తెల్ల గుడ్డ ముక్క తీసి సగానికి చించి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ దాన్ని కళ్లకద్దుకుని కొంగున ముడేసుకుంది.