గెరాసేనులో సంకెళ్లు తెంపింది ఎవరు?

"సేనా దయ్యం పట్టినవాడి సంకెళ్లను యేసు తెంచేశాడు" అని ప్రసంగాల్లో ఎంత ధైర్యంగా చెప్పేస్తున్నామో! గెరాసేనుల దేశంలో "సేన" అని పేరు చెప్పుకున్న దయ్యాల గుంపు పట్టిన మనిషి కథ ఇది. మార్కు 5:4 నిదానంగా చదవండి. ప్రభువు పడవ దిగేనాటికే ఆ సంకెళ్లు తునకలైపోయాయి.

మూలభాష అయిన గ్రీకులో ఆ వచనంలో రెండు మాటలున్నాయి. ఒకటి "పెదే", అంటే కాలిసంకెల. మన "పాదం" పుట్టిన పాతమూలం నుంచే ఇదీ పుట్టింది. స్త్రీలింగం. కొత్త నిబంధనలో మూడేసార్లు వస్తుంది: ఇక్కడ రెండు, లూకా 8:29లో ఒకటి. రెండోది "హలుసిస్", గొలుసు. ఆ మాటలో చెయ్యి అనే అర్థం లేదు. తెలుగు బైబిలు దాన్ని చేతిసంకెళ్లు అనడం పక్కన కాలిసంకెల ఉండబట్టి. పేతురు చేతులనుండి ఊడిపడిందీ (అపొస్తలుల కార్యములు 12:7) ఇదే.

కీర్తన 105:18లో యోసేపు కాళ్లను నొప్పించిన సంకెళ్లకు పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదం వాడినది కూడా పెదేనే. అక్కడ "పెదైస్", "పొదస్" (సంకెళ్లతో, కాళ్లను) దగ్గరదగ్గరగా మోగుతాయి.

ఇక వ్యాకరణం. పొరపాటు పడేది ఇక్కడే. కట్టబడి, తెంపబడి, నలగగొట్టబడి అనే మూడు క్రియలూ కర్మణి రూపాలు. కర్మణిలో పని చేసినవాడి పేరు లేకపోయినా చెల్లుతుంది కాబట్టి, ఆ కర్త దేవుడే అనుకుంటారు. కానీ తెంపబడుట పక్కనే "హుప్ అవుతూ", అనగా "వానిచేత" (ఆ దయ్యం పట్టినవాడిచేతే) అని మార్కు రాసిపెట్టాడు. మూడూ పరిపూర్ణ కాలంలో ఉన్నాయి: పని ఎప్పుడో అయిపోయింది, దాని ఫలితం ఇంకా నిలిచే ఉంది. ఆ మనిషి కట్లు లేకుండానే సమాధుల్లో కేకలు వేస్తూ, రాళ్లతో తన్ను తాను గాయపరచుకుంటున్నాడు. విడుదల అంటే సంకెల తెగడమే అయితే అతడు అప్పటికే విడుదల పొందినవాడు కావాలి గదా!

వచనం చివర "ఎవడును వానిని సాధుపరచలేకపోయెను" అంటుంది. ఆ క్రియ "దమజో", మన "దమనం"కి చుట్టం. యాకోబు 3:8లో ఏ నరుడూ సాధుచేయలేని నాలుకకు కూడా ఇదే క్రియ. ఇనుము ఓడిపోయిన చోట ప్రభువు ఇంకో ఇనుము తేలేదు, మాట పలికాడు. లూకా 8:35లో ఆ మనిషి బట్టలు కట్టుకొని, స్వస్థచిత్తుడై "యేసు పాదములయొద్ద" కూర్చున్నాడు. సంకెళ్లు మోసిన ఆ పాదాలు ఈ పాదాల దగ్గర, ఏ గొలుసూ లేకుండా, కదలకుండా! ఈ వచనం దగ్గర ఆగి కాసేపు మోకరించండి.

మతి చెదిరినవారిని ప్రార్థన కోసమని మందిరాల్లో గొలుసులతో కట్టేవారికి ఒక మాట. మార్కు ఆ పనిని గెరాసేను ఊరివారి ఓటమిగా రాశాడు. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా దాన్ని నిషేధించింది. ఆ గొలుసు ఈరోజే విప్పండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, పక్కన కూర్చుని ప్రార్థించండి.