మా పాప దండం పెట్టనంది

రాత్రి పడుకునే ముందు దేవుడి దగ్గర నిలబడి చేతులు జోడించడం పాపకి మాటలు రాకముందు నుంచీ ఉన్న అలవాటు. ఇప్పుడు దానికి రెండున్నరేళ్ళు. పళ్ళు తోముకోనని, బట్టలు మార్చుకోనని రోజూ గొడవ చేస్తుంది కానీ దండం దగ్గర ఎప్పుడూ పేచీ పెట్టలేదు. మూడు వారాల కిందట ఒక రాత్రి మాత్రం రెండు చేతులూ వెనక్కి దాచేసుకుంది.

"నో దండం," అంది.

"ఎందుకు తల్లీ?"

"దేవుడు బేబీ తీస్కున్నాడు."

నేను దాని చేతులు ముందుకు లాగి బలవంతంగా కలిపి పట్టుకున్నాను. "అలా అనకూడదు, దండం పెట్టు" అన్నాను. నా అరచేతుల మధ్య దాని పిడికిళ్ళు గట్టిగా బిగుసుకున్నాయి. ఏడ్చింది. అయినా వదల్లేదు. వాళ్ళ నాన్న వచ్చి ఎత్తుకెళ్ళాక అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. నేను మనసారా ఆ దీపం ముందు నిలబడి అప్పటికి నెల దాటింది. రోజూ వత్తి వెలిగిస్తున్నాను, అంతే. నేను చెయ్యలేనిది దానిచేత చేయించాలని చూశాను.

పైగా ఆ మాట దానిది కాదు, నాది. నేను నేర్పిందే నాకు అప్పజెప్పింది.

ఈసారి నేను కడుపుతో ఉన్న సంగతి పెద్దవాళ్ళకి మూడు నెలలు నిండాకే చెబుదామనుకున్నాం. పాపకి మాత్రం ఆరో వారంలోనే చెప్పేశాం. ఇంత సంతోషాన్ని ఇద్దరమే దాచుకోలేకపోయాం, ఈ దేశంలో మాకున్న మూడో మనిషి అదే. అది మర్నాడే డేకేర్‌లో అందరికీ "అమ్మ టమ్మీలో బేబీ" అని చెప్పి వచ్చింది. రోజూ దండం అయ్యాక నా పొట్ట మీద చెయ్యి వేసి "గుడ్ నైట్ బేబీ" అనేది.

పదో వారంలో స్కాన్‌కి వెళ్ళాం. తెర మీద బిడ్డ కనిపించింది కానీ ఎదుగుదల 8 వారాల దగ్గరే ఆగిపోయింది. 16 మిల్లీమీటర్లు. గుండె కొట్టుకోవడం లేదు. స్కాన్ చేస్తున్నామె ఏమీ మాట్లాడకుండా బయటికి వెళ్ళి ఇంకొకరిని పిలుచుకొచ్చింది. ఆమె కూడా చూసింది. దాన్ని మిస్డ్ మిస్‌క్యారేజ్ అంటారని చెప్పారు. చాలాసార్లు రక్తం కనిపించదు, నొప్పి ఉండదు, లోపల ఆగిపోయిందని ఒంటికి తెలియదు. నాకు ఆ ఉదయం కూడా వికారంగానే ఉంది. రెండు వారాలుగా పాప గుడ్ నైట్ చెప్పింది ఎవరికో అప్పుడు అర్థమైంది.

దానంతట అదే అయ్యేవరకూ ఆగడం, మాత్రలు వేసుకోవడం, చిన్న ప్రొసీజర్ చేయించుకోవడం. ఈ మూడింట్లో ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. ఇంట్లోనే ఉండొచ్చని మాత్రలు అన్నాను. గంటకి రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిస్తే ఆలస్యం చెయ్యకుండా రావాలని నర్సు రెండుసార్లు చెప్పి, కాగితం మీద కూడా రాసిచ్చింది. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఆ పరిస్థితి వస్తే ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. ఆ నొప్పిలో ఎంత ఎక్కువైతే ఎక్కువో మనకి తెలియదు.

మాత్రలు వేసుకున్న మధ్యాహ్నం ఆయన పాపని పార్కుకి తీసుకెళ్ళారు కానీ నేను అనుకున్నదానికంటే ముందే వచ్చేశారు. నేనింకా బాత్రూంలోనే ఉన్నాను. "అమ్మా, రా" అంటూ పాప తలుపు కొడుతోంది. ఎంతకీ తియ్యకపోయేసరికి తలుపు కింది సందులోంచి వేళ్ళు లోపలికి పెట్టింది. నాలుగు వేళ్ళు. నేను నేలమీద కూర్చుని ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో ఆ వేళ్ళని ముట్టుకున్నాను. "కృష్ణా" అని పైకే అన్నాను. దాన్ని ప్రార్థన అనలేను. దెబ్బ తగిలితే "అమ్మా" అని అరుస్తామే, అలాంటిది. బయట పాప అది విని "కిట్నా" అంది, ఆటలో భాగమనుకుని.

తర్వాత ఒక వారం పాటు అది రాత్రిళ్ళు నా పొట్టకి గుడ్ నైట్ చెబుతూనే ఉంది. నేను చెప్పనిచ్చాను. అది చెప్పడం ఆపేస్తే నిజంగా ఎవరూ లేనట్టే అవుతుందని భయం. ఈ విషయం ఆయనకి కూడా చెప్పలేదు. ఒక రాత్రి ఇక ఉండబట్టలేక "బేబీ పోయింది తల్లీ" అన్నాను.

పాప లేచి సోఫా కిందకి వంగి చూసింది.

మా ఇంట్లో "పోయింది" అంటే అదే అర్థం. బంతి పోయింది, సాక్సు పోయింది, పోతే సోఫా కింద వెతుకుతాం, దొరుకుతుంది. పాప సోఫా కింద చూసి, కర్టెన్ వెనక చూసి, నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ విప్పి "లేదు" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. "దేవుడు తీసుకున్నాడమ్మా" అనేశాను. దాని వెతుకులాట ఆపాలన్న తొందరలో, నేను పదేళ్ళుగా దండం పెట్టుకుంటున్న ఆయన్ని ఎత్తుకుపోయేవాణ్ణి చేశాను. రెండున్నరేళ్ళ పిల్లకి అందులోంచి ఏం అర్థమవుతుంది? అమ్మ పొట్టలోంచే తీసుకుపోగలవాడు నన్ను మాత్రం ఎందుకు వదులుతాడు అనే కదా. చేతులు దాచుకోక ఏం చేస్తుంది?

మాట సంగతి ఎందుకు ఇంత చెబుతున్నానంటే, ఇంట్లో తెలుగే మాట్లాడాలని పట్టుబట్టింది నేను. బయట ఇంగ్లీషు ఎలాగూ వస్తుంది, అమ్మతో తెలుగే అని. పాప ఇంగ్లీషులో అడిగితే తెలుగులో అడిగేదాకా విననట్టు ఉండేదాన్ని. అలాంటిదాన్ని, ఈ విషయం వచ్చేసరికి ఒక్క తెలుగు మాట పలకలేకపోయాను. డాక్టరుతో, డేకేర్‌లో, ఆఫీసులో మిస్‌క్యారేజ్ అని తడబడకుండా చెప్పాను. ఆ మాట నాకు ఒక ఫారంలో నింపే మాటలా ఉండేది. మా అమ్మకి ఫోన్ చేసి "నిలవలేదమ్మా" అన్నప్పుడే మొదటిసారి ఏడుపొచ్చింది. గర్భం నిలవలేదు అంటాం మన భాషలో. నిలబెట్టుకోవాల్సిన బాధ్యత ఎవరిదో ఆ మాటలోనే ఉన్నట్టు వినిపించింది నాకు.

అందుకే వెంటనే తప్పులు వెతుక్కున్నాను. పాపని ఎత్తుకుని మెట్లెక్కాను. దాని మంచం నేనొక్కదాన్నే జరిపాను. డాక్టరుని అడిగాను కూడా. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 దాకా ఇలా పోతాయి, ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. వాటిలో సగం వరకూ పిండం ఏర్పడినప్పుడే క్రోమోజోముల్లో వచ్చిన తేడా వల్ల జరుగుతాయి. పెద్ద పిల్లని ఎత్తుకుంటే గర్భం పోదు. నేను విన్నాను, తలూపాను, నమ్మాను. ఇంటికొచ్చాక పాప "ఎత్తుకో" అని చేతులు చాపితే "వద్దు, నడువు" అని అరిచాను. ఒక్కసారి కాదు, ఆ వారమంతా. బిడ్డ పోయింది, ఇంక జాగ్రత్తపడాల్సింది ఏమీ లేదు, అయినా ఎత్తుకోలేదు. దాని మీద కోపం అనుకోను. కానీ పాపకి అలాగే అనిపించి ఉంటుంది.

చిన్నపిల్లలకి చావు గురించి చెప్పేటప్పుడు నిద్రపోయింది, వెళ్ళిపోయింది, దేవుడు తీసుకెళ్ళాడు లాంటివి వాడొద్దని, ఉన్నదున్నట్టు చెప్పాలని పిల్లలతో పనిచేసేవాళ్ళు అంటారు. ఆ వయసుకి చావు అంటే మళ్ళీ రాకపోవడమని తెలియదు కాబట్టి, అదే ప్రశ్న ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ అదే జవాబు చెప్పాలట. నాకిది దండం గొడవ అయ్యాకే తెలిసింది. మర్నాడు పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెలుగులోనే చెప్పాను. "బేబీ చాలా చిన్నది. పెరగడం ఆగిపోయింది. చనిపోయింది. ఇంక రాదు. నువ్వేం చెయ్యలేదు, అమ్మా ఏం చెయ్యలేదు. దేవుడు నిన్ను తీసుకోడు. నువ్వు ఇక్కడే ఉంటావు."

వీడియో కాల్ పెట్టి ఉందని మర్చిపోయాను. అవతల మా అమ్మ వింటోంది. "పసిదాని నోట్లో ఆ మాట పెడతావేంటే?" అంది. "మరి ఏం చెప్పను? సోఫా కింద వెతుక్కోమననా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. తను అంత దూరంలో, రాలేక, ఫోన్‌లో నా మొహం చూసుకుంటూ కూర్చున్న మనిషి. కాసేపటికి "సరే, నీ ఇష్టం" అని పెట్టేసింది.

ఎవరిది సరైనదో నేను చెప్పలేను. ఉన్నదున్నట్టు చెప్పండి అని నలుగురికీ సలహా ఇద్దామనే ఇది రాయడం మొదలుపెట్టాను. అయితే ఆ తర్వాతి వారం బ్యాటరీ అయిపోయిన బొమ్మని పట్టుకుని పాప "చనిపోయింది" అంది. ఆకు రాలితే "చనిపోయింది" అంది. ఒక పొద్దున నిద్రపోతున్న వాళ్ళ నాన్నని చూసి, నెమ్మదిగా నా దగ్గరికొచ్చి, ప్రశ్నలా అంది. ఆయన్ని లేపి కూర్చోబెట్టేదాకా ఊరుకోలేదు. నేను చెప్పింది నిజమే. దాన్ని మోయగల వయసా అది? అబద్ధం చెప్పినా భయపడింది, నిజం చెప్పినా భయపడింది.

డేకేర్‌లో ముందుగా చెప్పడం మాత్రం మంచిపని. అది ఆయన చేశారు. వాళ్ళు పాపని బేబీ గురించి అడగడం మానేశారు. ఆయన రెండో రోజు నుంచే పనికి వెళ్ళిపోయారని కొన్నాళ్ళు కోపంగా ఉన్నాను. డేకేర్ టీచరుకి చెబుతూ ఆయన ఏడ్చారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

పాపకి రాత్రిపూట ఒకటే కథ కావాలి. బుట్టలో కృష్ణుడు, యమునలో నీళ్ళు, పైన పడగ పట్టిన పాము. వందసార్లు చెప్పి ఉంటాను. ఎప్పుడూ ఎనిమిదో బిడ్డ దగ్గరే మొదలుపెడతాను. ముందు ఆరుగురిని కంసుడు చంపాడన్నది పసిపిల్లకి ఎలా చెబుతాం? నేను కూడా ఎన్నడూ వాళ్ళ గురించి ఆలోచించలేదు. కృష్ణుడు పుట్టడానికి ముందు జరగాల్సింది జరిగింది అన్నట్టే చదివాను.

ఫోన్ చేసినవాళ్ళందరూ దాదాపు ఒకే మాట అన్నారు. "ఒకతి ఉందిగా, దాన్ని చూసుకో." ప్రేమతోనే అన్నారు. నేనూ ఇంకొకరికి ఎప్పుడో ఇదే మాట అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే ఆమె మొహం గుర్తొస్తోంది. దేవుడి ముందు కూడా నన్ను నిలవనివ్వనిది ఆ మాటే. ఉన్న పిల్లని చూసి తృప్తిపడలేని కృతఘ్నురాలిననిపించేది.

ఒక రాత్రి నిద్రపట్టక భాగవతం దశమ స్కంధం తీశాను. దేవకి ఏడో గర్భం రోహిణి కడుపులోకి మారినప్పుడు మధుర జనం గర్భస్రావం అయిందనే అనుకుని బాధపడ్డారు. అక్కడ కాసేపు ఆగాను, నా బిడ్డకి రోహిణి లేదు కదా అనుకుని ముందుకి వెళ్ళాను. చాలా ముందుకి వెళ్ళాక, ద్వారకలో, కృష్ణుడికి పెళ్ళిళ్ళయి పిల్లలు కూడా పుట్టాక, దేవకి ఆయన్ని ఒకటి అడుగుతుంది. గురువుగారి చనిపోయిన కొడుకుని తెచ్చి ఇచ్చారు కదా, కంసుడు చంపిన నా పిల్లల్ని కూడా ఒకసారి చూపించమని.

ఆ కథ చిన్నప్పుడు విన్నానో లేదో గుర్తులేదు. ఆ రాత్రి మాత్రం పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. కృష్ణుడు, బలరాముడు ఇద్దరూ ఎదురుగా ఉన్నారు. అలాంటి కొడుకులున్న తల్లికి కూడా పోయినవాళ్ళు పోయినవాళ్ళే. అన్నేళ్ళూ మనసులో పెట్టుకుంది. నేనుండగా వాళ్ళెందుకమ్మా అని కృష్ణుడు అనలేదు. సుతలానికి వెళ్ళి, బలి చక్రవర్తి దగ్గరున్న ఆ ఆరుగురినీ తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టాడు. స్మరుడు, ఉద్గీథుడు, పరిష్వంగుడు, పతంగుడు, క్షుద్రభృత్తు, ఘృణి. ఒక్కొక్కరికీ పేరుంది. దేవకి వాళ్ళకి పాలిచ్చింది. ఆ పాలు తాగాక వాళ్ళు దేవతల లోకానికి వెళ్ళిపోయారు.

వెళ్ళిపోయారు అన్న దగ్గర నాకు మళ్ళీ కోపమొచ్చింది. ఒక్కసారి పాలిచ్చేంతసేపేనా? అంతమాత్రానికి ఆ తల్లికి ఊరట కలిగిందా? కలిగిందనుకోవాలనే ఉంది నాకు. కొన్ని రాత్రులు నమ్మకం కుదురుతుంది, కొన్ని రాత్రులు కుదరదు. అయితే ఒకటి మారింది. ఎందుకిలా చేశావని ఇప్పుడు అడగడం లేదు. దేవకి అడిగిందే అడుగుతున్నాను.

పాప చేతులు మళ్ళీ ఎప్పుడూ బలవంతంగా కలపలేదు. ఇప్పుడు రాత్రిళ్ళు నేనొక్కదాన్నే దండం పెట్టుకుంటాను. అది పక్కన బంతితో ఆడుకుంటూనో, చేతులు వెనక్కి పెట్టుకునో ఉంటుంది. మొన్న నేను కళ్ళు తెరిచేసరికి నన్నే చూస్తోంది.

"అమ్మా, ఏం అడిగావు?"

"బేబీని ఒకసారి చూపించమని."

దీపం వైపు చూసింది. "చూపించాడా?"

"ఇంకా లేదు తల్లీ."

"రేపా?"

పార్కు రేపు, కార్టూన్ రేపు. అన్నింటికీ రేపు అని చెప్పి తప్పించుకోవడం మేమే అలవాటు చేశాం. ఈసారి అలా అనలేకపోయాను. "తెలీదు" అన్నాను. అది కొంచెంసేపు ఆలోచించి, బంతి కింద పడేసి, ఎత్తుకోమని రెండు చేతులూ చాపింది. ఎత్తుకున్నాను.