శుక్రవారం మిగిలిన కూర డబ్బులు

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలం (లెంట్) శుక్రవారాల్లో చికెన్ మానేసి అపోలో ఫిష్ తెప్పించుకుంటే కథోలిక నియమం తప్పినట్టేమీ కాదు, చేపకు అడ్డు లేదు. కానీ ఆ పూట ఖర్చు రోజూ కన్నా ఎక్కువైతే మానుకున్నదేమిటి? ఉపవాసం దగ్గర నేను చూసే లెక్క ఒకటే: మన కంచంలో తగ్గింది ఎవరి కంచంలో పడింది?

నియమాలు తేలికే. భస్మ బుధవారం నుంచి పవిత్ర శనివారం దాకా 46 రోజులు, ఆదివారాలు ఆరూ తీసేస్తే 40. తప్పనిసరి ఉపవాసం భస్మ బుధవారం, గుడ్ ఫ్రైడే మాత్రమే. ఒక పూట కడుపునిండా తిని, మిగతా రెండు పూటలా కొద్దికొద్దిగా తినాలి. ఇది 18 ఏళ్లు నిండిన దగ్గర్నుంచి 59 నిండేదాకా. మాంసం మానడం 14 నిండినవాళ్లందరికీ. జబ్బుపడ్డవాళ్లకు, గర్భిణులకు మినహాయింపు ఉంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టర్ని అడగకుండా పూట మానితే షుగర్ పడిపోతుంది. ఇక మార్చి ఎండల్లో మంచినీళ్లు మానమని ఏ నియమమూ చెప్పలేదు.

శుక్రవారం వంటంటే నా ఓటు పచ్చిపులుసుకే. నలుగురికి నిమ్మకాయంత చింతపండు, మూడు గ్లాసుల నీళ్లు, ఒక ఉల్లిగడ్డ, మంట మీద కాల్చిన పచ్చిమిర్చి నాలుగు. మిర్చి, ఉప్పు, జీలకర్ర, తరిగిన ఉల్లిగడ్డ కలిపి బాగా పిసికాకే పులుసు పోయాలి. ముందే నీళ్లు పోస్తే కారం దిగదు, చప్పగా ఉంటుంది. పైన ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు. మరిగించే పనే లేదు. ముద్దపప్పు తోడుంటే ఇంకేం కావాలి!

మిగిలిన మాంసం డబ్బుల్ని ఆ రోజే నోట్లుగా డబ్బాలో వేయాలి. నెలాఖరుకు చూద్దామంటే కిరాణాలో, గ్యాస్‌లో కలిసిపోతాయి.

ఆ డబ్బు హైదరాబాద్‌లో గాంధీ, నిలోఫర్ ఆస్పత్రుల బయట పడిగాపులు కాసే రోగుల బంధువులకు చేరితే బాగుంటుంది. పండగ రోజు కాకుండా మామూలు మంగళవారం వెళ్లండి. పెరుగన్నం ఈ ఎండలకు గంటల్లోనే పులిసిపోతుంది, పులిహోర మేలు. అన్నం పూర్తిగా ఆరాకే పొట్లం కట్టాలి, వేడి మీద కడితే ఆవిరికి చెమ్మపట్టి పాడవుతుంది. ఇచ్చే ముందు ఏం కావాలో అడగండి. కొందరికి అన్నం కన్నా బస్సు చార్జీలే అవసరం. ఫొటోలు మాత్రం వద్దు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6లో ప్రభువు చెప్పింది సరిగ్గా ఈ ధర్మం గురించే. 2025లో రంజాన్ మార్చి 2న మొదలైతే భస్మ బుధవారం 5న వచ్చింది, రెండు ఉపవాసాలూ పక్కపక్కనే నడిచాయి. ఇఫ్తార్ వేళ పక్కన కూర్చున్నవాడి పేరు కూడా అడక్కుండా ఖర్జూరం చేతిలో పెట్టే ఊరు మనది, ఆ మర్యాద మనమూ నేర్చుకోవచ్చు.

అయితే ఆస్పత్రికి వెళ్లే ముందు ఇంట్లో చూసుకోవాల్సింది ఒకటుంది. ఉపవాసముండి పనివాళ్లను పీడించేవాళ్లను యెషయా 58వ అధ్యాయం సూటిగా నిలదీస్తుంది. పనమ్మ నాగా పెట్టిందని జీతం కోసి, ఆ డబ్బుతో పొట్లాలు పంచితే దాన్ని కనికరం అనలేం. జీతం ఒకటో తారీఖుకే ఇవ్వండి, గుడ్ ఫ్రైడేకు జీతంతో సెలవివ్వండి. ఆమె అడ్వాన్సు తీసుకుని ఉంటే, ఈస్టర్ దాకా ఆ కోత ఆపేయండి.