గేటు లోపల మూడేళ్లు

చిక్కడపల్లి సందులోంచి తెల్లాపూర్ గేటెడ్ కమ్యూనిటీకి వచ్చి మూడేళ్లయింది. రాత్రి తొమ్మిదైనా పిల్లలు కింద సైకిళ్లు తొక్కుతుంటే టెన్షన్ ఉండదు. కరెంటు పోయిన సంగతే తెలీదు. ఇవేం చిన్న సుఖాలు కావు.

మెయింటెనెన్స్ మాత్రం నెలకు 7,500 దాటింది కాబట్టి దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా. ఎండాకాలం బోర్లు అడుగంటితే ట్యాంకర్ల ఖర్చు వేరే. (స్విమ్మింగ్ పూల్‌లో నేను దిగింది రెండే రెండుసార్లు!)

మొన్న సంక్రాంతికి అమ్మ వచ్చింది. పొద్దున్నే గుమ్మం ముందు ముగ్గేసి, గిన్నెలో బియ్యం పెట్టుకుని హరిదాసు కోసం ఎదురుచూసింది. ఎంతకీ రాడే! కిందికెళ్లి అడిగితే సెక్యూరిటీ అబ్బాయి, "వచ్చాడమ్మా. ఏ ఫ్లాట్‌కని అడిగితే చెప్పలేకపోయాడు, పంపించేశాం" అన్నాడు.